వెల్డింగ్ మెషిన్ ఏసీ కరెంటును డీసీగా ఎలా మారుస్తుంది?

అసలు పని డయోడ్‌ది. కరెంటును ఒకవైపే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. నాలుగు డయోడ్లను బ్రిడ్జిగా కలిపితే దిశ మార్చుకుంటూ పారే ఏసీలోని రెండు అర్ధ తరంగాలూ ఒకే దిశలో బయటికొస్తాయి.

పాత, బరువైన రెక్టిఫైయర్ మెషిన్లలో వరస సూటిగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది, డయోడ్లు డీసీ చేస్తాయి, చోక్ కాయిల్ ఎగుడుదిగుళ్లను సర్దుతుంది. అంతే.

ఇప్పుడు భుజాన తగిలించుకుని తిరిగే ఇన్వర్టర్ మెషిన్ కథ వేరు. ఇంటి 230 వోల్టుల ఏసీ ముందే డీసీ అయిపోతుంది. కెపాసిటర్లు దాన్ని దాదాపు 320 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ఆ డీసీని ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు సెకనుకు వేల సార్లు ఆన్-ఆఫ్ చేసి మళ్లీ ఏసీగా మారుస్తాయి. ఇదేం తిరకాసు అనిపిస్తుంది కదా! అదంతా ట్రాన్స్‌ఫార్మర్ కోసమే. 50 హెర్ట్జ్ దగ్గర బండరాయంత ఇనప కోర్ కావాలి. పదుల కిలోహెర్ట్జ్ దగ్గరైతే చిన్న ఫెరైట్ కోర్ చాలు. అక్కడ వోల్టేజీ తగ్గి, కరెంటు పెరిగి, వేగంగా పనిచేసే డయోడ్ల గుండా మళ్లీ డీసీ అయి వెల్డింగ్ రాడ్‌కి చేరుతుంది. ఆర్క్ (రాడ్‌కీ లోహానికీ మధ్య మెరిసే విద్యుత్ మంట) వెలుగుతున్నప్పుడు ఉండేది 20-30 వోల్టులే, కరెంటు మాత్రం 100 ఆంపియర్లు దాటొచ్చు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకి పడుతుంది, ప్రతిసారీ ఆర్క్ తడబడుతుంది. 6013 రకం రాడ్ దానికి సర్దుకుంటుంది గానీ, 7018 రకం డీసీలో మరింత నిలకడగా కాలుతుంది.

ఒక్క మాట: ప్లగ్ తీసిన వెంటనే మెషిన్ విప్పకండి. ఆ కెపాసిటర్లలో ఛార్జ్ కాసేపు అలాగే ఉంటుంది.