మందు కొనే ముందు ఆకు తిప్పి చూడండి: గుమ్మడి, కర్బూజ తోటల్లో తెగుళ్లు

ప్రశ్న: మాది బెంగళూరు గ్రామీణ జిల్లా, హోసకోటె తాలూకా. ముప్పావు ఎకరంలో తీపి గుమ్మడి, పక్కన అర ఎకరంలో కర్బూజ, గట్టు వెంబడి రెండు సాళ్లు జుకినీ (లేతగా కోసే ఒక రకం గుమ్మడి) వేశాం. పూత మొదలవగానే కింది ఆకుల మీద పసుపు మచ్చలు వచ్చి, కాలినట్టు ఎండిపోతున్నాయి. మదనపల్లెలో మా బావమరిది పోయిన ఎండాకాలం కర్బూజకి కార్బెండజిమ్ కొడితే తెగులు తగ్గిందని చెప్పాడు. అదే రెండుసార్లు కొట్టాం, ఏమీ తగ్గలేదు. షాపులో మూడు మందులు కలిపి కొట్టమంటున్నారు. దీనికితోడు కొన్ని గుమ్మడి తీగల చివర్లు ముడుచుకుపోయి, ఆకులు పసుపు, పచ్చ మచ్చలుగా మారాయి. చాలా టెన్షన్‌గా ఉంది సార్, ఏం కొట్టాలో చెప్పండి. ఫోటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, హోసకోటె

జవాబు: ఆ మూడు మందుల మిశ్రమం జోలికి పోకండి. రేపు పొద్దున్నే, మంచు ఆరకముందే తోటలోకి వెళ్లి, పసుపు మచ్చ ఉన్న ఆకుని తిప్పి అడుగున చూడండి. మచ్చ ఉన్నచోటే బూడిద రంగులోనో కాస్త ఊదా రంగులోనో సన్నటి నూగు కనిపిస్తే అది బూజు తెగులు. ఎండ ఎక్కాక వెళ్తే ఈ నూగు సరిగ్గా కనబడదు. మీరు పంపిన ఫోటోల్లో గుమ్మడి ఆకుల మీద మచ్చలు ఆకు నరాల (ఈనెల) దగ్గర ఆగిపోయి కోణాలుగా ఉన్నాయి కాబట్టి ఇది బూజు తెగులేనని నా అభిప్రాయం. కర్బూజ మీద మాత్రం మచ్చలు అంత కోణాలుగా ఉండవు, వేరే ఆకుమచ్చ తెగులేమో అనిపిస్తాయి. అందుకే ఆకు అడుగు చూడమని మరీ మరీ చెప్తున్నాను.

మీ బావమరిది చెప్పింది తప్పు కాదు. ఎండాకాలంలో ఆయన తోటలో వచ్చింది బూడిద తెగులు అయి ఉంటుంది. అందులో ఆకు పైన పిండి చల్లినట్టు తెల్లటి పొర వస్తుంది. ఆకు మీద తడి లేకపోయినా, పొడి వాతావరణంలోనే బాగా పాకుతుంది. దాని మీద కార్బెండజిమ్ పనిచేస్తుంది. బూజు తెగులు సంగతి వేరు. దాన్ని కలిగించే సూక్ష్మజీవి శిలీంధ్రంలా కనిపించినా అసలు శిలీంధ్రాల కోవకి చెందదు, నీటిలో పెరిగే నాచు జాతికి దగ్గరిది. కార్బెండజిమ్ దాన్ని ఏమీ చేయలేదు. రెండుసార్లు కాదు, పదిసార్లు కొట్టినా ఫలితం ఇదే. ఈ ఒక్క తేడా తెలియక రైతుల డబ్బు నేలపాలవుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ తెగులు మీ దగ్గర ఇంత జోరుగా ఉండటానికి కారణం వాతావరణం. బెంగళూరు చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వానలు తగ్గే రోజుల్లో రాత్రిళ్లు చల్లబడి, తెల్లవారేసరికి ఆకులన్నీ మంచుతో తడిసి ఉంటాయి. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో ఆకు ఆరేడు గంటలు తడిగా ఉంటే చాలు, బూజు అంటుకుంటుంది. పైగా దీని బీజాలు గాలిలో చాలా దూరం వస్తాయి. మీ ప్రాంతంలో దోస, గెర్కిన్, బీర, కాకర ఏదో ఒకటి ఏడాది పొడవునా ఉంటుంది కాబట్టి తెగులుకి ఎప్పుడూ ఒక పచ్చటి తీగ దొరుకుతుంది. కాపు అయిపోయిన పాత పాదులు మీ చేలో ఉన్నా, పక్క చేలో ఉన్నా పీకించి పూడ్చేయండి. పక్క రైతుకి నచ్చజెప్పడం కష్టమే కానీ, మందు కొట్టడం కన్నా దీనివల్లే ఎక్కువ మేలు.

ఇప్పుడు మందు సంగతి. బాగా ఎండిన కింది ఆకులు తీసేసి, మెటలాక్సిల్ + మాంకోజెబ్ (రెండూ కలిసి ఒకే ప్యాకెట్‌లో వచ్చే మందు) లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి కొట్టండి. నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. పైపైన కొడితే మందు వృథా. వారం, పది రోజుల తర్వాత అదే మందు మళ్లీ వద్దు. సైమోక్సానిల్ + మాంకోజెబ్ గానీ డైమెథోమార్ఫ్ గానీ ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వాడండి. మెటలాక్సిల్ ఒక పంటలో రెండుసార్లకి మించి వాడితే తెగులు దానికి అలవాటు పడిపోతుంది. ఎండిపోయిన ఆకు మళ్లీ పచ్చబడదు. కొత్త ఆకుల మీద మచ్చలు రాకుండా ఉంటే మందు పనిచేసినట్టే.

ఏ మందైనా సాయంత్రమే కొట్టండి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. ఆ కాసేపట్లో తేనెటీగలు వచ్చి వాలితేనే పిందె నిలుస్తుంది. పొద్దున మందు కొట్టి, తర్వాత పిందెలు రాలిపోతున్నాయని ఇంకో టానిక్ కొనే రైతులు చాలామంది ఉన్నారు.

జుకినీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని రోజు విడిచి రోజు కోస్తారు. మందు కొట్టాక కోతకి ఆగాల్సిన రోజులు ప్యాకెట్ మీద రాసి ఉంటాయి. అన్ని రోజులు ఆగితే కాయ ముదిరిపోతుంది, ఆగకపోతే మందు తినేవాళ్ల కడుపులోకి పోతుంది. కాబట్టి కాయ మొదలయ్యాక జుకినీకి ఘాటు మందులు వద్దంటాను. తప్పక కొడితే ఆ గడువులో వచ్చిన కాయలు పారేయండి, మార్కెట్‌కి పంపకండి. జనవరి దాటాక జుకినీ మీద బూడిద తెగులు తప్పకుండా వస్తుంది. ఇంట్లో ఆవు ఉంటే ఈ తెగులుకి పాలే వాడి చూడండి. ఒక వంతు పచ్చి ఆవుపాలకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, మచ్చలు మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు పిచికారీ చేయాలి. బ్రెజిల్‌లో జుకినీ మీదే చేసిన ప్రయోగాల్లో ఇది మందులతో సమానంగా పనిచేసిందని 1999లో ప్రచురించారు. గంధకం కూడా బూడిద తెగులుని ఆపుతుంది కానీ, ఎండ ముదిరిన రోజుల్లో కర్బూజ ఆకుల్ని మాడ్చేస్తుంది, జాగ్రత్త.

ముడుచుకుపోయిన తీగలకి మాత్రం మందు లేదు. అది వైరస్. తెల్లదోమ, పేనుబంక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి. సూక్ష్మపోషకాలు కొడితే కోలుకుంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అలాంటి మొక్కలు కొన్నే ఉంటే ఈరోజే పీకి సంచిలో వేసి బయటికి తీసుకెళ్లండి. చేలో ఈడ్చుకెళ్తే వాటి మీది దోమ మిగతా వాటి మీదికి ఎగురుతుంది. పసుపు రంగు జిగురు అట్టలు పెడితే దోమ ఉధృతి తెలుస్తుంది. కాయ గట్టిపడిన తీగకి ఆలస్యంగా వైరస్ సోకితే దాన్ని ఉంచేయవచ్చు, ఉన్న కాయలైనా చేతికొస్తాయి. వచ్చేసారి విత్తడానికి రెండు, మూడు వారాల ముందే దోమకి అడ్డుగా చేను చుట్టూ రెండు, మూడు వరుసలు మొక్కజొన్న గానీ జొన్న గానీ వేయండి. వెండి రంగు మల్చింగ్ షీటు పరిస్తే లేత దశలో దోమ, పేనుబంక అంతగా వాలవు. ఆ దశలో కాపాడుకుంటే సగం గండం గట్టెక్కినట్టే.

కర్బూజ మొక్క ఏదైనా పగలు వాడి, రాత్రి తేరుకుని, నాలుగు రోజుల్లో చచ్చిపోతుంటే మొదలు దగ్గర కాండం కోసి చూడండి. లోపల గోధుమ రంగు వలయం ఉంటే అది ఎండు తెగులు. అది నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. అప్పుడు ఆ అర ఎకరంలో మూడు, నాలుగేళ్లు కర్బూజ మానేసి రాగి వేసుకోండి. తర్వాత వేసేటప్పుడు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, తడి ఆరకుండా కప్పి మగ్గబెట్టి సాళ్లలో వేయండి. పుచ్చ వేసే ఆలోచన ఉంటే హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా మాణిక్ రకం అడగండి. బూడిద, బూజు, మచ్చ తెగుళ్లని అది కొంతవరకు తట్టుకుంటుంది.

ఆకు తిప్పి చూసినా అనుమానం తీరకపోతే, తెగులు మొదలవుతున్న ఆకులు, బాగా సోకిన ఆకులు రెండూ కోసి, కాగితంలో చుట్టి దొడ్డబళ్లాపుర దగ్గరి హాడోనహళ్లి కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జి.కె.వి.కె.) తెగుళ్ల విభాగానికి గానీ అదే రోజు తీసుకెళ్లండి. పాలిథిన్ కవర్లో పెడితే ఆకు కుళ్లిపోయి ఎవరూ ఏమీ చెప్పలేరు. ఇప్పటిదాకా కొట్టిన మందుల ఖాళీ ప్యాకెట్లు కూడా వెంట తీసుకెళ్లండి.