బీమా కన్నా ముందు గొట్టాలు

ప్రశ్న: మా ఫ్లాటులో స్నానాల గది పైకప్పు మీద ఏడాదిగా చెమ్మ మరక ఉంది. ఈ మధ్య పెచ్చులు కూడా ఊడుతున్నాయి. కొంత పొదుపు ఉంది. దానితో ఇంటి బీమా తీసుకుంటే ఈ ఖర్చు తప్పుతుందా?

జవాబు: ఈ ఖర్చు తప్పదండీ. ఇంటి బీమా సాధారణంగా ఉన్నట్టుండి పగిలిన గొట్టం చేసిన నష్టాన్ని భరిస్తుంది. నెలల తరబడి ఊరిన చెమ్మను నిర్వహణ లోపంగానే చూస్తుంది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న మరకకు క్లెయిమ్ రాదు. అందుకని పొదుపులో మొదటి వాటా మరమ్మతుకే కేటాయించండి. అయితే నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా రంగు వేయించకండి, ఆ డబ్బు వృథా అవుతుంది.

పై ఇంటివారితో, నిర్వహణ సంఘంతో ఈ రోజే మాట్లాడండి. ఫొటోలు తేదీలతో జతచేసి, విషయాన్ని రాతపూర్వకంగా తెలియజేయండి. లోపం ఉమ్మడి గొట్టంలోనా, పై ఇంటి సొంత గొట్టంలోనా అన్నదాన్ని బట్టే ఖర్చు ఎవరిదో తేలుతుంది. సాధారణంగా నిలువు గొట్టాలు సంఘం బాధ్యత. సంఘం నిబంధనల పత్రం ఒకసారి చదవండి.

ఇక మీ వల్ల కింది ఇల్లు తడవకుండా చూసుకోవాలి. నాకు ఎక్కువ భయం కలిగించేవి సింకు కింద, వాషింగ్ మెషీన్ వెనక ఉండే వంగే గొట్టాలు. కుళాయి కట్టేసినా వాటిలో నీటి ఒత్తిడి పగలూ రాత్రీ ఉంటుంది. పైన అల్లిన ఉక్కు తీగ మెరుస్తూనే ఉంటుంది, లోపలి రబ్బరు మాత్రం పెళుసెక్కుతుంది. నట్టు దగ్గర వేలితో తడిమి చూడండి. తుప్పు చుక్క గానీ ఉబ్బు గానీ తగిలితే వెంటనే మార్చండి. ఏమీ లేకపోయినా 5 ఏళ్లకోసారి మార్చడం మంచిది. గొట్టం ఖరీదు ఎంతో ఉండదు, అది పగిలితే పాడయ్యేది మాత్రం రెండిళ్లు. ఊరెళ్లేటప్పుడు ప్రధాన వాల్వు కట్టేయండి. అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి.

నీటి మీటరు ఉంటే కుళాయిలన్నీ కట్టేసి రీడింగు రాసుకుని, 2 గంటల తర్వాత మళ్లీ చూడండి. అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే.

ఇవన్నీ అయ్యాక బీమా తీసుకోండి. అందులో మీ సామాను, కింది ఇంటివారికి చెల్లించాల్సిన పరిహారం రెండూ ఉన్నాయో లేదో అడగండి. బయటి నుంచి వచ్చే వరద నీటికి కవరేజీ ఉందో లేదో కూడా అడగండి. మినహాయింపుల పేజీ పూర్తిగా చదవకుండా సంతకం చేయకండి.