మా పార్కు పిన్నిగారి ట్రంకుపెట్టెలో దొరికింది

మీరు అడిగింది ఇదీ: "విశాఖ పెరుగుతున్న ఊరు. కాలనీల్లో పిచ్చిమొక్కలు మొలిచి ఉత్తినే పడున్న పార్కు స్థలాలని కమర్షియల్‌కి మార్చుకోనిస్తే తప్పేంటి? ప్రతిదానికీ అడ్డుపడితే ఊరు బాగుపడేదెలా?"

తప్పే. ఎందుకు తప్పో మా కాలనీలో జరిగింది చెబుతాను, మీకే తెలుస్తుంది.

మాది పెందుర్తి వెళ్లే దారిలో, మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న చిన్న లేఅవుట్. రెండున్నర ఎకరాలు, 42 ప్లాట్లు. 1994లో వేశారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో, 2001లో, పీఎఫ్ లోన్ పెట్టి 167 గజాలు కొన్నాను. కాలనీకి దక్షిణాన గెడ్డ ఉంది. సింహాచలం కొండ మీద గట్టిగా వాన పడితే గంట తిరక్కుండా మా గెడ్డ ఎర్రగా పారుతుంది. ఆ గెడ్డకీ చివరి వరుస ఇళ్లకీ మధ్య 1,210 గజాల జాగా. ఒక పెద్ద వేప, రెండు కానుగలు, ఒక నేరేడు. మిగతాదంతా తుమ్మ, వయ్యారిభామ. మీరు పిచ్చిమొక్కలన్నది వీటినే అనుకుంటాను.

ఆ జాగా విలువ మాకు హుద్‌హుద్ తుపానులో తెలిసింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే వీధిలో నడవడానికి దారి లేదు. తురాయి చెట్లన్నీ పడిపోయాయి, స్తంభాలు వంగిపోయాయి. వేప మాత్రం కొమ్మలు విరిగినా నిలబడింది. తర్వాత కరెంటు లేని రోజులన్నీ కాలనీ మొత్తం ఆ వేప కిందే ఉంది. నీళ్ల ట్యాంకర్ తిప్పుకోవడానికి ఉన్న జాగా అదొక్కటే. విరిగిన కొమ్మలతోనే పొయ్యి పెట్టి రెండు పూటలా అందరికీ ఉప్మానో పులిహోరో వండాం. అప్పటిదాకా పేర్లు కూడా తెలియని అద్దె ఇళ్ల వాళ్లు అక్కడే చుట్టాలయ్యారు.

ఇక అసలు సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక పొద్దున్న వాకింగ్‌కి వెళ్తుంటే, మా కాలనీలోనే ఉండే దస్తావేజులు రాసే ఆయన ఎదురొచ్చి ఆపారు. "మాస్టారూ, పేపర్లో ఒక నోటీసు పడింది. సర్వే నంబరు మనదే. ఓపాలి సూడండి" అన్నారు. వేలెడంత ప్రకటన. ఫలానా సర్వే నంబరులో ఇంత విస్తీర్ణం నివాస జోన్ నుంచి వాణిజ్య జోన్‌కి మార్చడానికి ప్రతిపాదన, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో తెలపాలి. అందులో కాలనీ పేరు లేదు, పార్కు అన్న మాట లేదు. హద్దులు మాత్రం ఉన్నాయి. ఉత్తరం ప్లాట్లు, దక్షిణం గెడ్డ. గెడ్డ అని చూడగానే నాకు కాళ్లలో సత్తువ పోయింది. పేపర్ తేదీ చూస్తే అప్పటికే 9 రోజులు గడిచిపోయాయి.

ఇక్కడొక విషయం చెప్పాలి, చాలామందికి తెలియదు. మాస్టర్ ప్లాన్ మ్యాపులో నివాస ప్రాంతమంతా పసుపు రంగు వేస్తారు. పెద్ద పెద్ద పార్కులు, కొండలు అయితే ఆకుపచ్చగా కనిపిస్తాయి. లేఅవుట్ లోపల వదిలిన చిన్న జాగాలు ఆ మ్యాపులో కనపడవు, అవి కూడా పసుపులోనే కలిసిపోతాయి. లేఅవుట్‌లో 10 శాతం ఓపెన్ స్పేస్‌గా వదలాలి, దాన్ని గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసి స్థానిక సంస్థకి రిజిస్టర్ చేసి ఇవ్వాలి, ఇదీ రూలు. మా కాలనీలో ఆ డీడ్ రాయనేలేదు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే కాగితం, తీయించాం, ఎక్కడా లేదు. అంటే 24 ఏళ్లుగా మేం పార్కు అనుకుంటున్న జాగా కాగితాల్లో ఇంకా లేఅవుట్ వేసిన వాళ్ల కుటుంబానిదే. పెద్దాయన పోయారు. వారసులు మ్యాపులో పసుపు రంగు చూపించి, మా సొంత స్థలం, షాపులు కట్టుకుంటాం అని దరఖాస్తు పెట్టుకున్నారు. విశాఖలో పోయిన కాలనీ పార్కుల్లో సగానికి సగం ఇలాగే పోయాయని నా గట్టి నమ్మకం. రాత్రికి రాత్రి గోడ కట్టేవాళ్ల గురించి అందరూ మాట్లాడతారు. రాయని డీడ్ గురించి ఎవరూ మాట్లాడరు.

మాకు మిగిలింది 6 రోజులు. అది పార్కే అని రుజువు చేయాలంటే ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాన్ కావాలి. అసోసియేషన్ కాపీ హుద్‌హుద్‌లో తడిసి ముద్దయిపోయింది. ఆఫీసుకి వెళ్తే పాత ఫైలు వెతకాలన్నారు. సమాచార హక్కు కింద అడిగితే నెల పడుతుంది. ఆ రాత్రి కమ్యూనిటీ హాలు మెట్ల మీద కూర్చుని తలలు పట్టుకున్నాం. చివరి వరుసలో ఉండే పిన్నిగారు, అప్పటికి 74 ఏళ్లు, మా మాటలన్నీ విని ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయారు. కాసేపటికి మనవడి చేత కబురు పెట్టారు, మాస్టారిని ఒకసారి రమ్మన్నారని.

వెళ్లేసరికి మంచం కింద నుంచి ఇనప ట్రంకుపెట్టె లాగి పెట్టారు. మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. పట్టుచీర మడతలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో నీలం బ్లూప్రింటు. కాలనీలో మొదటి ప్లాటు వాళ్లదే. అప్పుడు వాళ్లాయన అడిగి మరీ తీసుకున్న కాపీ అది. మడతల దగ్గర చిరిగిపోయింది, రంగు వెలిసిపోయింది. కింద ఆమోదం సీలు, సంతకం. దక్షిణాన గెడ్డ గీత పక్కనే పెన్సిల్‌తో పచ్చరంగు పూసిన చతురస్రం, దాని మధ్యలో పార్కు అని రాసి ఉంది. "ఇదేనా నాయినా మీరెతుకుతున్నది?" అన్నారావిడ. నాకు నోట మాట రాలేదు.

అంతకన్నా పెద్ద సంగతి ఆవిడ సేల్ డీడ్‌లో ఉంది. షెడ్యూల్ చదివాను. తూర్పు 30 అడుగుల రోడ్డు, పడమర ప్లాట్ నంబర్ 38, ఉత్తరం ప్లాట్ నంబర్ 31, దక్షిణం పార్కు నిమిత్తం విడిచిన స్థలం. కింద అమ్మినవారి సంతకం. అంటే తన జాగా పార్కని ఆ పెద్దాయనే రిజిస్ట్రార్ ముందు రాసి ఇచ్చాడు. అప్పటికప్పుడు, రాత్రి పదింటికి, జాగాకి ఆనుకున్న మిగతా 7 ఇళ్ల తలుపులూ తట్టాం. ఏడు డీడ్లలోనూ అదే మాట. మేం కొనుక్కున్న హద్దుల్లోనే మా పార్కు ఉంది. ఇన్నేళ్లూ మేమే చదువుకోలేదు.

మా వీధిలో అద్దెకుండే ఒక కుర్ర లాయర్ అర్జీ రాసిపెట్టాడు. అందులో ముద్దప్ప కేసు కూడా రాశాడు. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకి ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇస్తే ఆ కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పిచ్చింది. గుర్తు పెట్టుకోండి, అక్కడ కట్టబోయింది ఆసుపత్రి. దానికే ఒప్పుకోలేదు.

మొత్తం 57 అర్జీలు తయారయ్యాయి. ఇంటికొకటి, మేడ మీద అద్దెకున్నవాళ్లవి విడిగా. గడువు చివరి రోజు ఆటోల్లో బయల్దేరాం. కౌంటర్లో ఉన్నాయన కట్ట చూసి, "అసోసియేషన్ తరఫున ఒకటిచ్చేయండి మాస్టారూ, ఇన్నెందుకు?" అన్నారు. ఒకటిస్తే ఒక అభ్యంతరమే లెక్కలోకి వస్తుందని లాయర్ ముందే చెప్పాడు. నేనేదో అనబోయేలోపే పిన్నిగారు ముందుకొచ్చి, "ఆ కాగితం మీద సంతకం నాది బాబూ. నాది తీసుకుని, నాకు సీలు ఏసి ఇవ్వు" అన్నారు. ఆ వెనకే ఒక్కొక్కరూ "నాది కూడా", "నాది కూడా" అని నిలబడ్డారు. మూడున్నర దాకా కూర్చుని 57 కాపీల మీదా ఇన్వర్డ్ నంబరు, తేదీ, సీలు వేయించుకున్నాం. ఎవరం ఒక్క మాట గట్టిగా అనలేదు.

ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది. గిఫ్ట్ డీడ్ కోసం మాత్రం ఇంకా మూడేళ్లు తిరిగాం. 2021లో రిజిస్టరయింది.

ఇక మీరన్న అభివృద్ధి గురించి. నేను లెక్కల మాస్టార్ని కాబట్టి లెక్క చెబుతాను. కేంద్ర ప్రభుత్వ పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలి. మా 1,210 గజాలు సుమారు 1,012 చదరపు మీటర్లు. కాలనీలో ఇప్పుడు 250 మందిమి ఉన్నాం. మనిషికి 4 చదరపు మీటర్లు. రూలు ప్రకారం వదలాల్సిందంతా వదిలిన కాలనీలోనే ఇదీ పరిస్థితి. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేని చోట ఇంకా కోసుకుపోతామంటే దాన్ని అభివృద్ధి అని నేనెలా అనగలను? ఇళ్లకీ రోడ్లకీ 90 శాతం ఇచ్చాం కదా. షాపులు పెట్టుకోవడానికి మెయిన్ రోడ్డు పొడవునా చోటుంది.

అసలు పార్కే వదలకుండా వేసిన లేఅవుట్ల సంగతి మరీ ఘోరం. రెగ్యులరైజ్ చేయించుకోవాలంటే ఓపెన్ స్పేస్ లేనందుకు ప్లాటు విలువలో కొంత శాతం చార్జీ కట్టాలి. మా తమ్ముడు కట్టాడు. లేఅవుట్ వేసినవాడు స్థలం మొత్తం అమ్ముకుని వెళ్లిపోయాడు, చార్జీ కొనుక్కున్నవాడి నెత్తిన పడింది. ఆ డబ్బుతో వాళ్ల వీధిలో ఒక్క చెట్టయినా వచ్చిందా అంటే లేదు. పిల్లలు ఇప్పటికీ రోడ్డు మీదే ఆడుతున్నారు.

పార్కులు చేసే తీరు మీద కూడా నాకు కోపమే. చుట్టూ టైల్స్, మధ్యలో సిమెంటు జిరాఫీ, నీరు ఇంకడానికి జానెడు మట్టి ఉండదు. హుద్‌హుద్ తర్వాత త్వరగా పచ్చగా కనిపించాలని రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్లు, కోనోకార్పస్ తెగ నాటారు. కార్తీక మాసం వచ్చేసరికి ఆ ఏడాకుల పాల పూల వాసనకి మా ఆవిడ కిటికీలన్నీ మూసుకుని కూర్చుంటుంది, ఆవిడకి ఆయాసం. వేప, కానుగ, నేరేడు నాటితే ఎదగడానికి పదేళ్లు పట్టొచ్చు, కానీ మన నేల చెట్లు అవి.

జోనింగ్ అంటే పార్కుల గొడవేనని కూడా అనుకోకండి. మాకు నాలుగైదు కిలోమీటర్లలో వెంకటాపురం ఉంది. అక్కడి ఫ్యాక్టరీ 1961లో పెట్టినప్పుడు అది ఊరికి అవతల. తర్వాత ఇళ్లు దాని గోడ దాకా వచ్చేశాయి, మధ్యలో ఖాళీ ఉంచాలని ఎవరూ పట్టుబట్టలేదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయారు. ఆ రోజు మా వీధిలో స్కూటర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని పారిపోతున్నవాళ్లని చూశాను. గోడకీ ఇంటికీ మధ్య ఒక అరకిలోమీటరు చెట్లుంటే ఎంతమంది బతికేవారో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నేను ఊరు ఎదగొద్దనే మనిషిని కాదు. మా అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, ఇక్కడ మంచి ఉద్యోగం దొరికితే రేపే వచ్చేస్తాడు. ఆ రోజు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను. తలచుకుంటే రెండూ కుదురుతాయి కూడా. ఊరి నడిబొడ్డున పాత సెంట్రల్ జైలు ఖాళీ అయినప్పుడు ఆ స్థలానికి ఎంత ధర పలికేదో మీరే ఊహించుకోండి. అక్కడ ఇప్పుడు సెంట్రల్ పార్కు ఉంది. సాయంత్రం ఐదింటికి వెళ్లి చూడండి, ఎంతమంది ముసలివాళ్లు, ఎంతమంది పసిపిల్లలు ఉంటారో.

2021లో 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు మా కాలనీలో అందరూ కంప్యూటర్ ముందు గుమిగూడి మన ఇంటి మీద నుంచి రోడ్డేమైనా వెళ్తోందా అనే చూసుకున్నారు. గెడ్డ ఏ రంగులో ఉందో చూసింది ఇద్దరు ముగ్గురమే. మీరు కూడా ఈ సాయంత్రం మీ సేల్ డీడ్ తీసి షెడ్యూల్ చదవండి. మీ లేఅవుట్‌లో ఓపెన్ స్పేస్ ఎక్కడుందో, దానికి గిఫ్ట్ డీడ్ ఉందో లేదో ఈసీ తీయించి చూసుకోండి. ఆ తర్వాత కూడా మార్చేస్తే తప్పేంటి అనిపిస్తే మళ్లీ అడగండి, మాట్లాడుకుందాం.

మా జాగాలో గెడ్డ వైపు మూల 90 గజాలు ఒకాయన షెడ్డు వేసుకుని ఇప్పటికీ వదలడం లేదు. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి, అంటే అధికారులు ఫిర్యాదులు తీసుకునే రోజుకి, మళ్లీ వెళ్తున్నాం. బ్లూప్రింటు లామినేషన్ చేయించాం. పిన్నిగారు దాన్ని అసోసియేషన్ బీరువాలో పెట్టనివ్వలేదు, తిరిగి తన ట్రంకుపెట్టెలోనే పెట్టుకున్నారు.