చాప వెయ్యి, ఫోన్ సంగతి తర్వాత

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. చలికి మీ పెదనాన్న మోకాలి నొప్పి కాస్త ఎక్కువైంది, అంతే. మొన్న నువ్వు ఫోన్‌లో అన్న మాట నాలుగు రోజులుగా నా చెవిలోనే ఉంది. "నాలుగున్నరకే చీకటి పడిపోతోంది పెద్దమ్మా, పిల్లల్ని ట్యాబ్ ముందు కూర్చోబెట్టకపోతే నాకు వంట కూడా అవదు" అన్నావు. ఫోన్‌లో సగం మాటలు మిగిలిపోతాయి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అమెరికాలో మీ మినియాపొలిస్ చలికాలం నాకు తెలియనిది కాదు. మీ అన్నయ్య ఇంట్లో రెండు చలికాలాలు గడిపాను. డిసెంబర్‌లో పొద్దున్న 7:45 దాకా సూర్యుడు రాడు. పగలంతా కలిపినా 9 గంటలు లేదు. జనవరి రాత్రుల్లో మైనస్ 13 డిగ్రీలు మామూలే. స్కూలు బస్సు దిగిన పిల్లలు నిద్రపోయే దాకా నాలుగు గంటలపైన నాలుగు గోడల మధ్యే ఉండాలి. నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

మొదటి చలికాలం నేనొక తప్పు చేశాను. మనవడి చేతిలోంచి ట్యాబ్ లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టేశాను. వాడు మూడు రోజులు ఏడ్చాడు, అన్నం మానేశాడు. నాలుగో రోజు మీ వదినే మళ్ళీ వాడి చేతికిచ్చింది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నేను తీసుకున్నానే తప్ప, ఆ చేతిలో ఇంకేమీ పెట్టలేదు. పైగా వాడు ఏడుస్తుంటే మేం ముగ్గురం మా ఫోన్లు చూసుకుంటున్నాం. వాడి దృష్టిలో అది ఎంత అన్యాయం!

రెండో ఏడు ముందు చాప వేశాను. హాలు మధ్యలో, టీవీకి వీపు పెట్టి కూర్చునేలా. సాయంత్రం అయిదున్నరకి చాప పరిచి, ఎవరినీ పిలవకుండా నేనొక్కదాన్నే కూర్చుని గవ్వలు వేసుకునేదాన్ని. రెండో రోజుకే వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నువ్వూ అలాగే చెయ్యి. "రండి, ఆడుకుందాం" అని బతిమాలకు. నువ్వు నేల మీద కూర్చుంటే చాలు, పిల్లలు నీ ఒళ్ళోకి వాళ్ళే వస్తారు.

పెద్దాడికి అష్టాచెమ్మా నేర్పు. ఆన్‌లైన్‌లో వచ్చిన అట్టపెట్టె ఒకటి విప్పి, స్కెచ్ పెన్‌తో నిలువు 5, అడ్డం 5, మొత్తం 25 గళ్ళు గీయండి. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడుమ గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి, అక్కడ కాయని చంపకూడదు. నలుగురికీ నాలుగేసి కాయలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం. ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళనివ్వని పద్ధతి మనింట్లో ఉండేది, నువ్వు మర్చిపోయి ఉండవు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు చాలు. అవి విత్తనాలు కాబట్టి ఇక్కడి నుంచి పంపను, ఎయిర్‌పోర్టులో గొడవ. అక్కడి ఇండియన్ స్టోర్‌లో గింజ తీయని చింతపండు అడుగు. ఆ పిక్కల్ని ఒకవైపు గరుకు గచ్చు మీద తెల్లగా అయ్యేదాకా అరగదీయాలి. ఆ అరగదీసే పని కూడా వాడికే ఇవ్వు. తను తయారు చేసిన పిక్కలతో ఆడితే ఆ ఆట వాడిదవుతుంది.

ఒక్క మాట. వాడి కోసం కావాలని ఓడిపోకండి. ఎనిమిదేళ్ళ పిల్లాడు అది ఇట్టే పసిగడతాడు. కాయ చచ్చినప్పుడు ఏడుస్తాడు, చాప మీంచి లేచి వెళ్ళిపోతాడు. వెళ్ళనివ్వు. మిగిలినవాళ్ళు ఆట ఆపకుండా ఆడండి. అయిదు నిమిషాల్లో తిరిగి వస్తాడు. ఓడిపోయి కూడా చాప మీద కూర్చోగలగడం ఇంట్లోవాళ్ళ మధ్య నేర్చుకుంటేనే బయట పనికొస్తుంది.

వామనగుంటలకి పీట లేదని దిగులు పడకు. డజను గుడ్ల అట్టపెట్టెలో 12 గుంటలు ఉంటాయి కదా, రెండు చివర్లా ఒక్కో చిన్న కప్పు పెట్టి 14 చేసుకోండి. మేం గుంటకి అయిదేసి పిక్కలు వేసేవాళ్ళం. చిన్నది మూడేళ్ళదే కాబట్టి పిక్కలూ గవ్వలూ ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో పెట్టి మూత బిగించు. నోట్లో పెట్టుకునే వయసు ఇంకా దాటలేదు. దానికి సీసా మూతలిచ్చి పక్కన కూర్చోబెట్టు, అది కూడా ఆడుతున్నట్టే. మంచు మరీ ఎక్కువ పడి స్కూలు సెలవిచ్చిన రోజున పులి-మేక గీయండి. 3 పులులు, 15 మేకలు. అల్లుడుగారికి ఆ ఆట బాగా వచ్చని మీ అత్తగారే చెప్పారు. అడిగి ఆడించు.

అల్లుడుగారి సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. చాప మీద ఉన్నంతసేపు మీ ఇద్దరి ఫోన్లూ గుమ్మం దగ్గర స్టీలు డబ్బాలో ఉండాలి. ఆఫీసు కాల్ ఉంటే "నాకు పని ఉంది, ఇరవై నిమిషాల్లో వస్తా" అని పిల్లలకి చెప్పి లేచి వెళ్ళండి. చాప మీద కూర్చుని ఫోన్ చూడ్డం కంటే అదే మేలు. సాయంత్రమంతా ఇలా గడపమని నేను అనను. మీరు అలిసిపోయి ఉంటారు. రోజుకి ముప్పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది, చిన్నదాని వయసు పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని, అదీ ఎంత తగ్గితే అంత మంచిదని. రోజు మొత్తం మీద 3 గంటలు ఒళ్ళు కదలాలని కూడా చెప్పింది. కాబట్టి అన్నీ కూర్చుని ఆడేవే కాకూడదు. నేల మీద రంగు టేపుతో తొక్కుడు బిళ్ళ గళ్ళు వెయ్యి. బిళ్ళగా మడతపెట్టిన సాక్సు పనికొస్తుంది. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క ఉండనే ఉన్నాయి. బయట గాలి మరీ కొట్టని రోజుల్లో ఒంటినిండా కప్పి ఒక పావుగంట మంచులోకి కూడా పంపు. చలికాలంలో ఎండ చాలదు కాబట్టి విటమిన్ డి గురించి పిల్లల డాక్టర్ని అడుగు.

ఇక నీ వంట. పిల్లల్ని వంటింటి బయట ఎక్కడో బిజీగా ఉంచాలని చూస్తున్నావు, అందుకే కష్టంగా ఉంది. లోపలికి పిలువు. చిన్నదానికి కొత్తిమీర కట్ట ఇచ్చి ఆకులు తుంచమను. పెద్దాడి చేత చపాతీలు ఒత్తించు. అవి ఆస్ట్రేలియా మ్యాపులా వచ్చినా సరే కాల్చి అందరి కంచాల్లో వెయ్యి. ఆదివారం సున్నుండలు చేస్తే పిండిలో నెయ్యి పోయడం వరకే నీ పని, ఉండలు వాళ్ళు చుడతారు. పని రెండింతలు అవుతుంది, నిజమే. కానీ తన చేత్తో చుట్టిన ఉండ తినని పిల్లని నేనింతవరకు చూడలేదు.

డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం వస్తుంది, జనవరి మధ్య దాకా ఉంటుంది. మీకు అక్కడ సరిగ్గా గడవని నెల అదే. వాకిట్లో ముగ్గు వేసే వీలు లేదు కదా, నల్ల డ్రాయింగ్ షీటు మీద సుద్దముక్కతో వేయించు. ముందు చుక్కలు, 5 చుక్కలు ఒకటి వచ్చేదాకా. రోజుకో ముగ్గు గోడకి అంటిస్తూ పోతే భోగి నాటికి గోడ నిండుతుంది. బొమ్మల కొలువుకి మెట్లు పుస్తకాల అట్టపెట్టెలతో కట్టొచ్చు. బొమ్మలు కొనకు. ఇంట్లో ఉన్నవే ఏరి, ఒక్కో బొమ్మకీ ఒక కథ చెప్పమని పెద్దాడిని అడుగు. తెలుగు తడబడితే మధ్యలో ఇంగ్లీషు వచ్చినా ఆపకు.

కథల పని నాకొదిలెయ్యి. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చెయ్యి, మాకు ఆదివారం పొద్దున్న ఎనిమిది. వీడియో వద్దు, స్పీకర్ పెట్టి గదిలో లైటు తగ్గించు. నా ముఖం కనపడకపోతేనే వాళ్ళకి రాజుగారి కోట కనపడుతుంది.

ఈ ఉత్తరం పెద్దాడి చేతికివ్వు. వాడికొక పొడుపు కథ: తోకలేని పిట్ట తొంభై ఆమడ పోతుంది, ఏమిటది? జవాబు నువ్వు చెప్పొద్దు. వాడి చేతిలోనే ఉందని మాత్రం అను. శనివారం నాకు వాడే చెప్పాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ