గుండెపోటు తర్వాత బీపీ నిలబడటం లేదు: బెలూన్ పంపా, చెన్నైలో ఎక్మోనా?

నాన్నగారికి నెల్లూరులో స్టెంట్ వేశారు, అయినా బీపీ నిలవక బెలూన్ పంప్ పెడతామంటున్నారు, బంధువులేమో ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి తిరిగి ఒంట్లోకి పంపే యంత్రం) కోసం చెన్నై తీసుకెళ్లమంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. ఇదే టెన్షన్ మేమూ పడ్డాం.

మా నాయనకి కావలిలో తెల్లవారుజామున నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని రెండు గంటలు ఇంట్లోనే ఉంచాం. ఆ రెండు గంటలు నన్నింకా వదలలేదు. నెల్లూరు చేరేసరికి ఒళ్లంతా చల్లబడి, చొక్కా చెమటతో పిండేటట్టుంది. షాక్‌లో ఉన్నవాళ్లకి, అంటే గుండె సరిగా కొట్టక బీపీ పడిపోయి ఒంటికి రక్తం అందనివాళ్లకి, అన్నిటికన్నా ముందు మూసుకున్న రక్తనాళం తెరవాలి. మీ నాన్నగారికి ఆ పని అయింది.

మా నాయనకీ బెలూనే పెట్టారు. గజ్జల దగ్గర నుంచి బృహద్ధమని అనే పెద్ద రక్తనాళంలోకి పంపుతారు. గుండె సడలినప్పుడు హీలియంతో ఉబ్బుతుంది, కొట్టుకునే ముందు ముడుచుకుంటుంది. సాయం కొంతే. 2012లో జర్మనీలో 600 మందిపై చేసిన అధ్యయనంలో దానివల్ల 30 రోజుల్లో మరణాలు తగ్గలేదు. అలాగని ఎక్మో గొప్పా అంటే, 2023లో 420 మందిపై చూస్తే అదీ అంతే. గుండె ఎడమ జఠరిక (కింది గది)లోంచి రక్తాన్ని తోడిపోసే ఇంపెల్లా అనే చిన్న పంపుతో మాత్రం 2024 అధ్యయనంలో ఆరు నెలల మరణాలు 58.5 శాతం నుంచి 45.8కి తగ్గాయి. కానీ రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలసిస్ అవసరం పెరిగాయి. పైగా ఎంచుకున్న కొందరికే పెట్టారు.

కాలి సంగతి నేను కళ్లారా చూశాను. రెండో రాత్రి మా అమ్మ లోపలికెళ్లి పాదం నిమిరి, "ఈ కాలు చల్లగా ఉందిరా" అంది. సిస్టర్ రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్ పెట్టి చూస్తే నాడి అందలేదు. డాక్టరు వెంటనే వచ్చి బెలూన్ తీసేశారు. తెల్లారేసరికి పాదం వెచ్చబడింది. మీరు లోపలికి వెళ్లినప్పుడల్లా రెండు పాదాలూ తాకి చూడండి.

చెన్నై మాటకొస్తే, బీపీ ఊగుతున్న మనిషిని మూడు నాలుగు గంటలు రోడ్డు మీద పెట్టడం బంధువులు తేల్చే విషయం కాదు. మీ కార్డియాలజిస్టు అక్కడి డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, బెడ్ ఖాయమై, వెంటిలేటర్ ఉన్న అంబులెన్సులో డాక్టరు తోడుంటేనే కదలండి. ఈ రాత్రికి యూరిన్ గంటకి ఎంత వస్తోందో, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగా అందకపోతే రక్తంలో పెరిగేది) తగ్గుతోందో లేదో అడిగి ఇక్కడ రాయండి. నేను చూస్తూనే ఉంటాను.