పెన్సిల్‌తోనే రాయి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. జెరూసలేంలో పురావస్తు శాస్త్రం పీజీ సీటు వచ్చిందనీ, ఈ వేసవిలో ఇజ్రాయెల్ ఉత్తరాన గలిలయ వైపు తవ్వకానికి వెళ్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. నీకేదో గొప్ప వస్తువు దొరకాలని ఇంట్లో అందరూ దేవుడికి మొక్కుకుంటున్నారట. దొరక్కపోయినా కంగారుపడకు. అక్కడ నేను ఆరు వేసవులు పనిచేశాను. పేపర్లో ఫొటో వేసేంత వస్తువు ఒక్కటీ నా చేతికి రాలేదు.

పొద్దున ఐదింటికల్లా పనిలో ఉండాలి. ఐదు మీటర్ల చదరం, పైన నల్లటి నీడ వల, చేతిలో తాపీ, పక్కన బకెట్. పదకొండు దాటిందంటే రెంటచింతల ఎండే. మోకాళ్ల కింద వేసుకునే ప్యాడ్లు ఇక్కణ్ణుంచే కొనుక్కెళ్లు.

అసలు చదువు మధ్యాహ్నం, తవ్వకంలో దొరికిన కుండపెంకులు కడిగేటప్పుడు మొదలవుతుంది. ఎర్ర పెంకుల మధ్య తెల్లగా, సుద్దముక్కలా ఒకటి తగులుతుంది. దాన్ని పారేయకు. మెత్తటి సున్నపురాయిని తొలిచి చేసిన గ్లాసు ముక్క కావచ్చు. మట్టికుండ మైలపడితే పగలగొట్టాల్సిందే, రాతిపాత్రకు మాత్రం మైల అంటదు అన్నది రెండు వేల ఏళ్ల కిందటి యూదుల ఆచారం. నాయనమ్మ మడి చూస్తూ పెరిగినదానివి, నీకు వేరే చెప్పాలా! ఆ రాతి గ్లాసు ముక్క, మెట్లు దిగి మునిగే స్నానపు తొట్టి, చెత్తలో పంది ఎముకలు లేకపోవడం, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే అది యూదుల ఊరని శాసనం లేకుండానే ధైర్యంగా చెప్పొచ్చు. ఒక్కటే కనిపిస్తే మాత్రం నోరు మూసుకుని నోట్‌బుక్కులో రాసుకో.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ నేల మీద ప్రతివాడూ ముందే పాత పుస్తకాల్లో కథ చదివి వస్తాడు. మృత సముద్రం ఒడ్డున కొండ మీది మసాడా కోట సంగతే చూడు. రోమన్లకు చిక్కకుండా 960 మంది అక్కడ చనిపోయారనీ, చివరి పదిమంది, మిగతావాళ్లను ఎవరు చంపాలో తేల్చుకోడానికి చీట్లు వేసుకున్నారనీ ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. 1963–65లో ఇజ్రాయెల్ పురావస్తు పండితుడు యాడిన్ తవ్వితే పేర్లు రాసిన చిన్న పెంకులు దొరికాయి. ఒకదాని మీద ‘బెన్ యాయిర్’ అని ఉంది. అది కోట నాయకుడి పేరే. ఇవే ఆ చీట్లు కావచ్చునని ఆయన అన్నాడు, దేశమంతా పొంగిపోయింది. కానీ దొరికిన అస్థిపంజరాలు ముప్పైకి మించలేదు. ఆ లెక్క మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. యాడిన్ తక్కువవాడని కాదు. అంత పెద్దవాణ్ణి కూడా కథ లాక్కుపోయిందంటున్నాను.

తొందర ఇంకో రకంగానూ వస్తుంది. 1950లలో మృత సముద్రపు చుట్టల (ఆ సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పాత యూదు తోలు రాతప్రతుల) ముక్కలు వేలకొద్దీ జెరూసలేం మ్యూజియం బల్లల మీద పరిచి, పండితులు వాటిని జత చేస్తూ కూర్చున్నారు. జత కుదిరిన ముక్కలకు వెనకాల సెల్లోటేప్ అంటించేశారు. అవును, పిల్లల పుస్తకాలకు వేసే టేపే. అప్పటికి పని సాగింది. తరవాత జిగురు తోలులోకి ఇంకి, రెండు వేల ఏళ్లు గుహలో నిలిచిన ఆ తోలు నల్లబడటం మొదలైంది. 1991 తరవాత ఏర్పడిన ల్యాబ్‌లో దాన్ని వదిలించడం కోసం కొందరు ఉద్యోగ జీవితమే గడిపేశారు. అందుకే ఏ రెండు ముక్కలు కలిసినట్టు కనిపించినా అంటించకు, ఫొటో తీసి పక్కన పెట్టు.

బజారులో అమ్మే వస్తువు జోలికి అసలు పోకు. సొలొమోను దేవాలయానిదని నమ్మి ఇజ్రాయెల్ మ్యూజియం 1988లో ఒక చిన్న దంతపు దానిమ్మను ఐదున్నర లక్షల డాలర్లకు కొంది. దాని మీది రాత నకిలీదని 2004లో నిపుణుల కమిటీ తేల్చింది. ఎక్కడ దొరికిందో తెలియని వస్తువుకు ఊరూ పేరూ మనమే పెట్టేస్తాం.

ఇంకొక మాట, కాస్త జాగ్రత్తగా విను. యూదుల కాలపు పొర చేరాలంటే దాని పైన పేరుకున్న తరవాతి కాలాల ఒట్టోమన్, ఇస్లామిక్, బైజాంటైన్ పొరలన్నీ తీయాలి. వాటిని అడ్డంకులుగా చూసి గబగబా తోడేసేవాళ్లు కొందరు ఉంటారు. నువ్వు ఆ పని చేయకు. జెరూసలేం పాతబస్తీ పక్కన తవ్వకం అంటే ఆ ఇళ్లలో ఇప్పుడున్న పాలస్తీనా మనుషుల బతుకు కూడా. నీ రిపోర్టును ఎవరు ఎందుకు వాడుకుంటారో తెలుసుకునే సంతకం పెట్టు.

చివరగా నా తప్పొకటి. రెండో వేసవిలో బకెట్ల చీటీల మీద లోకస్ నంబర్లు, అంటే ఏ చోట తవ్విందో చెప్పే నంబర్లు, బాల్‌పెన్నుతో రాశాను. పెంకులు కడిగే చోట నీళ్లు చింది సిరా కారిపోయింది. మూడు బకెట్లు ఏ గోడ పక్కవో, ఏ నేల మీదివో ఎవరికీ తెలియలేదు. మా సూపర్‌వైజర్ తిట్టలేదు, ఆ మూడింటినీ చెత్తకుప్పలో పోసి రమ్మంది. ఆ నడక ఇప్పటికీ గుర్తే.

హెచ్‌బీ పెన్సిళ్లు రెండు డజన్లు మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను. అక్కడ దొరకవని కాదు.

ఉంటాను,
పెదనాన్న