గొర్రె ఒకే పక్కకు గిర్రున తిరుగుతోందా? ముందు కుక్కకు మందు వేయండి

ప్రశ్న: మాకు 80 గొర్రెల మంద ఉంది. ఏడాది వయసున్న గొర్రె ఒకటి ఇరవై రోజులుగా తల ఎడమకు వాల్చి అటే తిరుగుతోంది, మంద వెంట నడవడం లేదు. నట్టల మందు రెండుసార్లు తాగించినా గుణం లేదు. పోయిన ఏడు కూడా రెండు ఇట్లనే చనిపోయాయి. ఏం చేయాలి?
– ఒక పెంపకందారు, పరకాల

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు గిడ్ వ్యాధివి. మెదడులో నీటితిత్తి పెరుగుతుంది. అది ఏ పక్కన ఉంటే గొర్రె సాధారణంగా అటే తిరుగుతుంది, ఎదుటి పక్క కన్ను మసకబారుతుంది. కుడి కంటి ముందు గాలి తగలకుండా మెల్లగా చెయ్యి ఆడించండి. రెప్ప వేయకపోతే అనుమానం బలపడుతుంది.

ఇంకో రెండు జబ్బులతో దీన్ని పొరబడవచ్చు. మక్కలు ఎక్కువ తిన్నాక ఒక్కసారిగా రెండు కళ్లూ కనిపించక, తల పైకెత్తి పడిపోతే అది బి1 విటమిన్ లోపం. కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున, అంటే 30 కిలోల గొర్రెకు 300 మి.గ్రా. థయామిన్ ఇంజెక్షన్ డాక్టరుతో వెంటనే వేయిస్తే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తేడా కనిపిస్తుంది. జ్వరంతో ఒక చెవి వాలి, మూతి ఒక పక్కకు పోయి, చొంగ కారితే అది లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు. ఈ రెండు జబ్బులూ కొద్ది రోజుల్లోనే ముదురుతాయి. ఇరవై రోజులు మెల్లగా సాగింది కాబట్టే నేను గిడ్ వైపు మొగ్గుతున్నాను.

ఇంత పెద్దదైన తిత్తిని నట్టల మందు కరిగించలేదు. తల మీద వాతలు పెట్టించకండి, నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. కొమ్ముల మొదళ్ల దగ్గర, నడినెత్తి మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. ఎముక మెత్తగా లోపలికి పోతున్నట్టుంటే తిత్తి పైపైనే ఉంది. డాక్టరు అక్కడ చిన్న రంధ్రం చేసి, సిరంజితో నీరు లాగి తిత్తిని బయటికి తీయగలరు. గొర్రె మేత తింటున్నప్పుడే తీసుకెళ్లాలి. మామునూరు పశువైద్య కళాశాలలో అడగండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఎముక గట్టిగా ఉండి గొర్రె చిక్కిపోతే దాన్ని బతికించాలని డబ్బు పోయకండి.

ఏటా ఈ జబ్బు రావడానికి కారణం మీ మంద కుక్కే అయి ఉండొచ్చు. చచ్చిన గొర్రె తలను అది తింటే, తిత్తిలోని తెల్లటి చుక్కలు దాని పేగులో బద్దెపురుగులవుతాయి. దాదాపు ఆరు వారాలకు కుక్క మలంలో గుడ్లు పడతాయి. ఆ గుడ్లు అంటిన గడ్డి తిన్న గొర్రెపిల్లలకు కొన్ని నెలల తర్వాత ఈ తిరుగుడు మొదలవుతుంది.

అందుకే ప్రతి నెలన్నరకు కుక్కకు ప్రాజిక్వాంటెల్ వేయండి. మోతాదు కిలోకు 5 మి.గ్రా., 20 కిలోల కుక్కకు 50 మి.గ్రా. మాత్రలు రెండు. మాత్ర కొనేటప్పుడు చీటీ మీద ఈ మందు పేరు చూసుకోండి. ఈ మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు, కాబట్టి రెండు రోజులు కట్టేసి ఉంచి, దాని మలాన్ని లోతుగా పూడ్చండి. పక్క మందల వాళ్లతో కలిసి ఒకే రోజు వేస్తే ఫలితం ఎక్కువ.

గొర్రెను కోసినా, అది చచ్చినా తలను మాత్రం కుక్కలకు వేయకండి. కాల్చండి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చండి. అరుదుగా మనుషులకూ ఈ తిత్తులు వస్తాయి. కుక్కను ముట్టుకున్న పిల్లలతో అన్నం ముందు సబ్బుతో చేతులు కడిగించండి.